పొయ్యిలో పెట్టాల్సిన గిన్నె

ఇంటింటా యంత్రమే గిన్నెలు చేసిపెట్టే రోజులొచ్చాక, మనిషి చేసిందని రుజువు లేనిదే మా పనికి విలువ లేదు. ఆ రుజువిచ్చే పెట్టె పట్టుకుని ప్రదర్శనశాల నుంచి ప్రవల్లిక వచ్చింది. ఈసారీ అది కాదంటే, మా తాత నాటి నుంచి చేత్తో కర్ర తిప్పి గిన్నెలు చెక్కే మా లేత్ ఆగిపోతుంది.

నెల్లాళ్లు కూర్చుని అంకుడు కర్రతో చేసిన గిన్నె తెచ్చాను. అయ్య కళ్లు మూసుకుని దాని అంచు వెంట బొటనవేలు తిప్పాడు. వేలు ఎక్కడా ఆగలేదు. నవ్వాడు.

పెట్టె మాత్రం, "యంత్రం పని" అంది.

"మరీ నున్నగా ఉందండీ. కాస్త వంకరది ఏదైనా ఉందా?" అంది ప్రవల్లిక.

వంకరపోయిన గిన్నెను మా ఇంట్లో అమ్మరు. ఆ పూట వంటకి పొయ్యిలో పెడతారు. నిన్న జ్వరంతో ఉలి జారి నేను పాడుచేసిన గిన్నె పొయ్యి పక్కనే ఉంది. ఆమె దాన్నే పెట్టెకి చూపింది.

"ఉత్తమ హస్తకళ" అంది పెట్టె.

"దీన్ని అద్దాల బీరువాలో పెట్టి, కింద మీ తాతగారి పేరు రాయిస్తాం," అంది ప్రవల్లిక మురిసిపోతూ.

నా జ్వరానికి తాత పేరు పెడతారట.

అయ్య చేయి చాచి ఆ గిన్నె అందుకున్నాడు. అంచు తడిమి, ముఖం చిట్లించి, పొయ్యిలోకి తోశాడు.

"కూకోమ్మా, అన్నం తినేసి ఎల్దువు గానీ," అన్నాడు మంట ఎగదోస్తూ. "మా ఇంట్లో ఇలాంటివాటికి బీరువా ఇదే."