సహాయం పేజీలు

చందా గడువు తీరిన రోజున, బడిలో భాష నేర్పే టీచరమ్మకు భర్త రాసిన పాఠాల పుస్తకం కూడా అందకుండా పోయింది.

పుస్తకం ల్యాప్‌టాప్‌లోనే ఉంది. దాన్ని తెరిచే, చందా కట్టి వాడే ప్రోగ్రామే మొరాయిస్తోంది. చందాదారు స్వయంగా పొడిగించాలంటోంది.

చందాదారు పోయి నెల దాటింది.

ఆమె ల్యాప్‌టాప్ తీసుకుని రిపేరు షాపుకు వెళ్లింది.

"కంపెనీకి రాయాలి మేడం. సార్ పోయినట్టు కాగితాలు అడుగుతారు. ఎన్నాళ్లు పడుతుందో!" అన్నాడు షాపతను.

మూల స్టూలు మీది పెద్దాయన ఉన్ని టోపీ సర్దుకుంటూ, దగ్గుతూ లేచాడు.

"ఇల్లు మీదేనమ్మా. తాళం మాత్రం వాళ్ల దగ్గరుంది. ఇంకో ప్రోగ్రాం ఉంది, వేసి చూద్దామా? ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు."

"మొదలుపెట్టాడండీ ఉచితం బాబాయి!" షాపతను నవ్వాడు. "ఈయన మాట వింటే నేను షాపు మూసుకోవాల్సిందే."

టీచరమ్మ ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది.

"ఊరికే వచ్చేదాన్ని నమ్మి, ఉన్నది కాస్తా పోగొట్టుకోమంటారా?"

"అసలు పుస్తకం జోలికి పోను తల్లీ. నకలు తీసి దాని మీదే చూద్దాం. నచ్చకపోతే తీసి పారేయండి. ఏది వాడాలన్నది మీ ఇష్టం. ఆ ఇష్టమనేది మీకు మిగలాలనే నా గోలంతా."

కాసేపటికి తెర మీద మొదటి పాఠం తెరుచుకుంది. వాన ఎలా పుడుతుందన్న పాఠం.

పక్కన భర్త రాసుకున్న గుర్తు: 'ఇక్కడ బొమ్మ కావాలి. ఆవిడ చేత వేయించాలి.'

టీచరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

తర్వాత గమనించింది. తెర మీది మీటలపై మాటలన్నీ మన భాషలోనే ఉన్నాయి. దాచు. వెతుకు. వెనక్కి తీసుకో.

"ఎవరు పెట్టారో గానీ, చిన్న పిల్లలకైనా ఇట్టే అర్థమవుతాయి," అంది.

"ఎవరో పనీపాటా లేనివాళ్లు," అన్నాడు పెద్దాయన.

"మీకేమివ్వాలి?"

"ఇందులో ఏది ఎలా వాడాలో చెప్పే సహాయం పేజీలు ఇంగ్లీషులోనే ఉండిపోయాయమ్మా. మీరు బళ్లో భాష చెబుతారట కదా. వీలున్నప్పుడు ఒక్కో పేజీ మన మాటల్లోకి తెస్తారా? ఎలాగో నేను చూపిస్తాను."

"సెలవులు రానివ్వండి, చూద్దాం," అంది ఆమె, ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుంటూ.

సెలవులు వచ్చాయి. ఆమె వేసిన బొమ్మలతో సహా పుస్తకం అచ్చయింది. తొలి ప్రతి పెద్దాయనకే ఇవ్వాలని షాపుకు వెళ్లింది.

స్టూలు మీద పాత ప్రింటరు ఉంది.

"బాబాయిగారేరీ?"

"పోయారు మేడం. ఆ దగ్గే తీసుకుపోయింది."

టీచరమ్మ చేతిలోని పుస్తకం బల్ల మీద పెట్టింది.

"ఆయన ఏం చేసేవారు?"

"పోస్టాఫీసులో ఉద్యోగం. రిటైరయ్యాక ఇదే లోకం. ఆ రోజు మీరు మెచ్చుకున్నారే, ఆ మీటల మీద మాటలు! అన్నీ ఆయనే పెట్టారు, ఒక్కరే కూర్చుని. మీరు వెళ్లాక ఎంత మురిసిపోయారనుకున్నారు!"

టీచరమ్మ ఇంటికి వచ్చి ల్యాప్‌టాప్ తెరిచింది.

సహాయం పేజీలు ఇంకా ఇంగ్లీషులోనే ఉన్నాయి.