పరీక్ష బండి

"ఆగుండ్రి! ఇయ్యాల బందు. నడిచిపోయేటోళ్లు గూడ బువ్వ తినే పోవాలె!"

మదీనాగూడ దగ్గర బొంబాయి రోడ్డు మీద పొయ్యిలు వెలిగాయి. ఒక గిన్నెలో అన్నం, ఒక గిన్నెలో పప్పు. తెలంగాణ కోసం వంటావార్పు. రోడ్డే వంటిల్లు, రోడ్డే పంక్తి. ఆ ఏడాది, అంటే 2011లో, ఆ రోడ్డు మీద తిరిగిన బస్సుల కన్నా పరిచిన విస్తళ్లే ఎక్కువేమో.

సత్తెమ్మ, ఆమె కూతురు స్రవంతి చందానగర్ నుంచి నడిచి వస్తున్నారు. పరీక్ష పదింటికి. సెంటరు హైటెక్ సిటీ అవతల ఒక కాలేజీ. దూరవిద్యలో కట్టిన సోషియాలజీ ఎంఏలో మిగిలింది ఈ ఒక్క పేపరే. నిరుడు మూడు మార్కుల్లో పోయింది. ఈసారీ పోతే ఇక పుస్తకాలు అటకెక్కాల్సిందే. అందుకే గల్లీలో ఎవరికీ చెప్పలేదు, పాసయ్యాకే చెప్పుకుందామని.

స్రవంతి నడుస్తూనే నోట్సు పైకి చదువుతోంది. "మనిషిని సమాజం తయారు చేస్తుంది. ఆ సమాజాన్ని మళ్ళీ మనుషులే తయారు చేస్తారు."

"అదెట్లనే?" అంది సత్తెమ్మ.

"ఎట్లనో పుస్తకంల లేదమ్మా. ఉదాహరణ సొంతంగ రాయాల్నట."

"అంటే పుస్తకం రాసినోనికి గూడ తెల్వదన్నట్టు!"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ఇంట్లో నాలుగు నెలలుగా టీవీ మోగలేదు. తెల్లారకముందే లేచి, ఒకరు చదువుతుంటే ఇంకొకరు చాయ్ పెట్టేవారు. సత్తెమ్మ హైటెక్ సిటీలో ఒక అద్దాల ఆఫీసులో నేల తుడుస్తుంది. ఈ రోజు కోసం సూపర్‌వైజరును బతిమాలి సెలవు తీసుకుంది.

గుంపులోంచి సాయిలు ఎదురొచ్చాడు. వాళ్ళ గల్లీ ఆటోడ్రైవరు. సత్తెమ్మ రోజూ పనికి పోయేది అతని ఆటోలోనే.

"ఏంది సత్తెక్కా, గిటొచ్చినవ్?"

సత్తెమ్మ కొంగుచాటు నుంచి హాల్‌టికెట్ పెట్టిన ప్లాస్టిక్ కవరు పైకెత్తింది. "పరీక్ష ఉన్నది సాయిలూ. తొమ్మిది దాటింది. నడిస్తే అందుకోం. జర ఆటో తీస్తవా?"

సాయిలు తల గోక్కుని వెనక్కి చూశాడు. "ఇంటి కాడ అడిగితే ఎప్పుడంటే అప్పుడు తీస్తనక్కా. గింతమంది ముంగట తీస్తే నా ఇజ్జత్ ఏంగావాలె? పొద్దుగాల ఆటోలన్నీ ఆపింది నేనే."

"ఆపినోనివి నువ్వే తియ్యి!" పప్పు కలుపుతున్న పెద్దావిడ రుక్కమ్మ గరిటె ఎత్తింది.

"గట్లెట్ల?" అన్నాడు గుంపులో ఒకతను. "ఒక్క బండి పోయినంక బందు ఏడుంటది?"

అవునవునన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. సత్తెమ్మ కవరును గుండెలకు హత్తుకుంది. సాయిలు ఆమెను చూశాడు, వాళ్ళను చూశాడు.

"అరే, మనోళ్లు సదువుకోవాలనే గద గీ కొట్లాట!" అని గొంతెత్తాడు. "పరీక్షనే తప్పిస్తే ఇగ తెలంగాణ ఎవరికి?"

ఒకరు అడ్డంగా పెట్టిన బండరాయిని పక్కకు దొర్లించారు. ఒకరు పాన్ డబ్బీలోంచి వేలితో సున్నం తీసి ఆటో అద్దం మీద 'పరీక్ష' అని రాశారు. ఇందాక 'గట్లెట్ల' అన్నతనే తన జేబులోని పెన్ను తీసి స్రవంతి చేతిలో పెట్టాడు.

"మంచిగ రాయి చెల్లే!"

స్రవంతి ఏదో చెప్పబోయింది. సత్తెమ్మ ఆమె చెయ్యి గిల్లి ఆటో వైపు లాగింది. మాటలకు టైము లేదు. రుక్కమ్మ మాత్రం ఇద్దరి నోట్లో చెరో ముద్ద పప్పన్నం పెట్టందే కదలనివ్వలేదు.

ఆటో సాగాక సత్తెమ్మ కూతురి చెవిలో గుసగుసలాడింది. "ఉదాహరణ దొరికిందే. సాయిలు మంచోడే, గుంపుల ఉంటే బండి తీయలేకపోయిండు. మళ్ల ఆయనొక్కడు ఒక్క మాటంటే, గుంపే రాయి జరిపింది."

"గదే రాయాలె!" అంటూ స్రవంతి నోట్సు మూసేసింది. పెన్నును అరచేతి మీద గీసి చూసి, హాల్‌టికెట్ కవరులో పెట్టింది.

"నేల తుడిచి పిల్లను గింత సదువు సదివిస్తున్నవ్. గట్టిదానివే సత్తెక్కా," అన్నాడు సాయిలు ముందు నుంచి. తల్లీకూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరి కళ్ళలోనూ ఒకే నవ్వు.

ఆటో అద్దాల ఆఫీసు దాటింది. పదికి ఐదు నిమిషాలుందనగా కాలేజీ గేటు దగ్గర దిగారు. సత్తెమ్మ చేతులు చెమట పట్టాయి. స్రవంతి తన చున్నీతో తుడిచింది.

"ఫికర్ చెయ్యకమ్మా. ఈసారి పక్కా."

గేటు దగ్గర మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. "రాసేవాళ్ళే లోపలికి. తోడొచ్చినవాళ్ళు బయటే ఉండాలి."

సత్తెమ్మ కవరులోంచి హాల్‌టికెట్ తీసి చూపించి లోపలికి నడిచింది. స్రవంతి బయటే ఉండిపోయింది.