జూమ్ లేని కెమెరా

నేను తీసిన నక్క ఫొటో చూసి, గోడౌన్ మేనేజరైన మా బావ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కళాకారుడిగా నా జన్మ ధన్యమైంది.

"మీసాలు లెక్కపెట్టొచ్చు కదరా! అంత దగ్గరికెలా పోయావ్?"

"నా డొక్కు కెమెరాకి జూమ్ లేదు బావా. అందుకని మీ గోడౌన్ వెనక నెలన్నరగా రోజుకో అడుగు ముందుకి జరిగి కూర్చున్నా. ఇప్పుడు నేనంటే దానికి లెక్కే లేదు."

"శభాష్ బావమరిదీ! ఇటివ్వు, పై ఆఫీసుకి పంపిస్తా."

పై ఆఫీసు నుంచి మనిషొచ్చాడని బావ కబురు పెడితే, ఫొటో గోడకి తగిలిస్తారు కాబోలని చొక్కా ఇస్త్రీ చేయించుకుని వెళ్లాను. గోడౌన్ ముందు బోను దిగుతోంది. దించుతున్న మనిషి జేబులో నా ఫొటో!

"నమ్మించి గొంతు కోశావు కదా బావా!"

"నక్క తిరుగుతోందని నేను ఎన్నిసార్లు రాసినా పైవాళ్లు నమ్మలేదురా. నీ ఫొటోకి నమ్మారు," అన్నాడు బావ, ఏ మాత్రం సిగ్గుపడకుండా.

ఎలాగూ ఆ బోను మనిషికి నక్క చిక్కదులే అనుకుంటూ, బావ కోసం తిట్లు పోగేసుకుంటూ కూర్చున్నాను. పావుగంటలో బోను మోసుకుంటూ వచ్చాడతను. లోపల నా నక్క.

"మనిషిని చూస్తే ఆమడ దూరం పారిపోయే జంతువండీ ఇది," అన్నాడు ఆశ్చర్యపోతూ. "నేను పక్కన కూర్చున్నా కదల్లేదు. ఎవరో పాపం, దీనికి భయం పోగొట్టేశారు."

బావ కోసం పోగేసిన తిట్లన్నీ నాకే వాడుకున్నాను.