కట్టని కాలనీ చరిత్ర

"సోమవారానికల్లా ముప్పై ఏళ్ళ చరిత్ర కావాలి మాస్టారూ," అన్నాడు ఇళ్ళు కట్టి అమ్మే కంపెనీ మేనేజరు.

"మీ కాలనీ కట్టి ఎన్నాళ్ళయింది బాబూ?"

"ఇంకా కట్టలేదండీ."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అనుమానం వచ్చింది చెవుల మీదే అయినా, తుడవడానికి వీలైంది అదే.

"కొత్త కాలనీ అంటే జనం జంకుతున్నారు. ఉన్న కాలనీయే, ఇంకో వరస ఇళ్ళు వేస్తున్నాం అంటే ఎగబడి కొంటారు. చూడ్డానికొచ్చినవాళ్ళ చేతిలో పెట్టడానికి చిన్న పుస్తకం, అంతే. మీ పేరు వెయ్యంలెండి."

ఆ ఆఖరి మాటకి మాస్టారు మెత్తబడ్డారు. ఆధారం లేనిదే అక్షరం రాయకూడదని బడిలో బల్ల గుద్ది మరీ చరిత్ర చెప్పిన మనిషి. రిటైరయ్యాక ఊసుపోక కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నారు. భార్యతో మాత్రం, "పాత రాజుల మీద గ్రంథం రాస్తున్నా, పలకరించకు," అన్నారు.

తీరా కూర్చుంటే ఒక్క ముక్క రాలలేదు. లేని కాలనీకి ఆధారాలెక్కణ్ణుంచి వస్తాయి? పక్కగదిలోంచి కుట్టుమిషను చప్పుడూ, దాని మీదుగా భార్య సణుగుడూ మాత్రం ధారాళంగా వస్తున్నాయి.

"వంటింటికి కిటికీ లేని కొంప ఇదొక్కటే ఉంటుంది లోకంలో. పొగంతా నా మొహానికే."

ప్రతి వంటింటికీ తూర్పున కిటికీ ఉండాలని కాలనీవారు తొలి సమావేశంలోనే తీర్మానించారు, అని రాశారు మాస్టారు.

"తాళంచెవి మర్చిపోయి మొన్న రెండు గంటలు మెట్లమీద పడిగాపులు కాశాను. పక్కింటివాళ్ళు తలుపైనా తియ్యలేదు."

మొదటి వీధి టీచరమ్మ అందరి మారు తాళంచెవులూ తన గోడకి తగిలించి ఉంచుతుంది. ఈ కాలనీలో ఎవరూ మెట్లమీద కూర్చుని ఎరగరు.

"నాతో నాలుగు మాటలాడే దిక్కులేదు. మీరా, రాజుల్లో పడ్డారు."

చెట్టుకింద సిమెంటు బెంచీ ఉంది. సాయంత్రం అయిదయితే ఆడవాళ్ళ కబుర్లకి ఆ బెంచీ చాలదు.

సోమవారానికి పుస్తకం తయారైంది. చదువుకుంటే మాస్టారికే అక్కడ కాపురం పెట్టాలనిపించింది.

నెల తిరక్కుండానే మేనేజరు ఆఫీసుకి పిలిచాడు.

"మీ చేతిలో ఏదో మహత్యం ఉంది మాస్టారూ! మొదటి ఇల్లు ఇవాళే అమ్ముడుపోయింది. ఎవరో పెద్దావిడ. ఇదిగో, ఈ కుర్చీలోనే కూర్చుని రెండుసార్లు చదివి కళ్ళు తుడుచుకుంది. ఆ బెంచీ చూపించండి, ఆ టీచరమ్మని చూపించండి అని ఒకటే పోరు."

"మరేం చెప్పారు?"

"రోడ్డు తవ్వేశారు, బండి పోదన్నాను. టీచరమ్మ కూతురి కాన్పుకి ఊరెళ్ళిందన్నాను. సరేనని, దాచుకున్నదంతా కట్టేసి వెళ్ళింది."

మాస్టారికి ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. కానీ మెచ్చుకోలు విని ఎన్నేళ్ళో అయింది. ఇంటికి చేరేలోపు ముల్లు ఊడిపోయి, మెచ్చుకోలు మిగిలింది.

గుమ్మంలోనే భార్య ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"మీకో మాట చెప్పాలి."

"ముందు నాది విను. రాజులూ లేరు, గీజులూ లేరు. నేను రాసింది ఒక కాలనీ చరిత్ర. అసలు తమాషా ఏంటంటే, ఆ కాలనీయే లేదు! ముళ్ళకంపలు తప్ప అక్కడ ఇటుకముక్క కూడా లేదు. అంతా నా బుర్రలోదే. అది నమ్మి ఎవరో వెర్రిబాగులావిడ ఇల్లు కొనేసిందే!"

మాస్టారు కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, నీ మాటేంటని అడిగారు.

భార్య గుమ్మం దాటి మెట్లమీద కూర్చుంది.

"అయితే, కూతురి కాన్పుకెళ్ళిన టీచరమ్మ ఇక రాదా?"