తొలి బిందె

"తాడు మీద చెయ్యి పడ్డదంటే ఆ చెయ్యి ఇరుస్త బిడ్డా!"

పోచయ్య అరుపుకు ఆ కుర్రాడు రెండడుగులు వెనక్కి వేశాడు. పేరు జశ్వంత్. ఇస్త్రీ చొక్కా, వీపున ల్యాప్‌టాప్ సంచి, కాళ్లకు తెల్లటి షూలు, మెడలో ఆఫీసు కార్డు. అతనికీ మెయిన్ రోడ్డుకూ మధ్య వేపమండలు గుచ్చిన పసుపు తాడు అడ్డంగా ఉంది.

హైటెక్ సిటీ అద్దాల మేడల నడుమ ఇరుక్కుపోయిన మొగిలిగూడలో ఆ రోజు బొడ్రాయిని మళ్లీ నిలబెడుతున్నారు. ఊరికి బొడ్డు లాంటి రాయి అది. డ్రైనేజీ తవ్వకంలో మిషనువాడు పెకలించి పారేస్తే మూడేళ్లుగా చెత్తకుప్ప పక్కన పడి ఉంది. రాయి నిలిపి, దాని మీద తొలి బిందె నీళ్లు పోసేదాకా ఊరివాళ్లెవరూ పొలిమేర దాటకూడదు, పరాయివాళ్లెవరూ లోపల ఉండకూడదు. ఆ కట్టు తప్పితే రాయి నిలబెట్టినా నిలబెట్టనట్టే.

తొలి బిందె పోసేది పోచయ్య. పసుపు రాసిన ఆ రాగి బిందె అతని భుజం మీదే ఉంది. యాభై రెండేళ్ల బతుకులో ఇంత పెద్దరికం అతనికి ఇంకోటి దక్కలేదు. ఈ ఒక్క రోజు కోసం మూడేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులు అరగదీశాడు. తెల్లవారుజామున నాలుగు గంటలకే వచ్చి మొదటి తాడు తన చేత్తోనే కట్టాడు. ఇప్పుడు వీడొచ్చి అంతా చెడగొట్టేటట్టున్నాడు.

"సార్, తొమ్మిదింటికి మీటింగుందండి. మా టీంలో ఇప్పటికే ముగ్గుర్ని తీసేశారు. కొంచెం అర్థం చేసుకోండి."

"మా ఊరి బొడ్డే పీకిండ్రు. నువ్వు అర్థం చేసుకున్నవా?"

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు.

"బెంగళూరు నుంచి పెద్దాయన వస్తున్నాడండి. బొడ్రాయంటే ఆయనకేం చెప్పను?"

"అంగీ లేపి బొడ్డు సూపెట్టి చెప్పు! మెడల గంట కట్టుకున్నవ్, ఎవని కొట్టంల ఎద్దువురా నువ్వు?"

జశ్వంత్ ముఖం ఎర్రబడింది. అయినా గొంతు పెంచలేదు. "అసలు నాకెందుకండీ ఈ కట్టు? మాది భీమవరం పక్కన. నేను ఈ ఊరివాణ్ని కాదు. పరాయివాళ్లు లోపల ఉండకూడదని మీరే అంటున్నారు. మరి పంపించేయండి."

మాటలో న్యాయం ఉంది. బస్తీ కమిటీ నరేందర్ గొంతు సవరించుకున్నాడు. "నిజమే గద పోచన్నా. జర తాడు లేపుదాం. పోనియ్."

పోచయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏంది లేపేది? వీడు పరాయోడా? నాలుగేండ్ల సంది మా బోరు నీళ్లు తాగుతుండు. యాడుంటవ్‌రా అంటే టవర్ వెనక అంటడు! బువ్వ తెచ్చేటోనికి గూడ టవర్ వెనక అనే రాస్తడు. మొగిలిగూడ అని ఒక్కనికన్న నోట్లెకెల్లి వస్తదా? ఆ అద్దాల టవర్ ఉన్నది మా జొన్న చేను. నువ్వు బండి పెట్టే జాగ మా ఎడ్ల కొట్టం. నువ్వు పండుకునే హాస్టల్ ఉన్నదే, గాడనే నేను పుట్టిన ఇల్లుండె! బొడ్రాయికి ఎదురుంగ తలుపు. తొలి బిందె ఆ తలుపుది. నాలుగు తరాల సంది పండుగ పండుగకు ఆ గడపలకెల్లే నీళ్లు వచ్చినయ్. ఎరుకేనా నీకు?"

"నాకు తెలీదండి. కానీ నేను పుట్టింది ఇక్కడ కాదు కదా..."

"పుట్టుడుతోని ఊరోడు కాడు బిడ్డా! ముందటి రాత్రి ఎవడు ఈ పొలిమేరల బువ్వ తిని, ఈ మన్ను మీద పండుకున్నడో వాడే ఊరోడు. మా తాత పెట్టిన కాయిదా ఇది. రాత్రి యాడ తిన్నవ్? యాడ పండుకున్నవ్?"

"హాస్టల్లోనే అండి."

"అయితే నువ్వు ఊరోనివే. నోరు మూసుకోని ఎనకకు నడువు!"

అరుగు మీద కూర్చున్న సక్కుబాయి తలూపింది. మొగిలిగూడలో ఆమె కంటే పెద్దవాళ్లు లేరు. "పోచిగాడు చెప్పింది నిజం. వాళ్ల తాత గట్లనే చేసెటోడు. రాత్రి పండుకుంటె ఊరోళ్లయితరని, ఇంటికొచ్చిన సుట్టాలను గూడ ముందటి రోజు పొద్దుగూకక ముందే ఎల్లగొట్టెటోడు."

ఇక ఎదురు చెప్పేవాడెవడు? పోచయ్య మీసం మీద చెయ్యి వేశాడు. అవతల టవర్ అద్దాల మీద ఎండ పడి ఊరివాళ్ల కళ్లలోకి కొడుతోంది. రాయి దగ్గర డప్పు మొదలైంది.

జశ్వంత్ వీపు మీది సంచి దించి నేల మీద పెట్టాడు. ఫోన్ తీసి, రాలేనని ఎవరికో చెప్పాడు. అవతలివాడు ఏమన్నాడో గానీ చాలాసేపు "సారీ సార్" అంటూనే ఉన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని పోచయ్య వైపు తిరిగాడు.

"ఒక్క మాటండీ. మరి రాత్రి మీరెక్కడ పడుకున్నారు?"

పోచయ్య మీసం మీది చెయ్యి దించాడు. నరేందర్ నేల చూపులు చూశాడు. ఇల్లు అమ్ముకున్న పోచయ్య నిజాంపేటలో కిరాయి గదిలో ఉంటున్న సంగతి బస్తీలో ఎవరికి తెలియదు? ఇన్నాళ్లూ ఎవరూ ఎత్తలేదు, అంతే.

"కాయిదా నువ్వే చెప్తివి గద బిడ్డా," అంది సక్కుబాయి మెల్లగా.

డప్పు ఆగింది. నాలుగు గంటలకు తాను బిగించిన ముడి వంక పోచయ్య చూశాడు. దాన్ని విప్పలేదు. బిందెను జశ్వంత్ చేతుల్లో కుక్కినట్టు పెట్టి, నడుం వంచి, తాడు కింద నుంచి దూరి రోడ్డు మీదికి వెళ్లిపోయాడు. అక్కడ నిలబడి ఊరంతా వినబడేలా అరిచాడు:

"షూలు ఇడువురా! అది మన ఇంటి బిందె!"