ఇంకాస్త మాస్టారు

సైన్సు పత్రికకి పంపిన వ్యాసం మీద రిఫరీ రిపోర్టు మూడోసారి వచ్చింది. ఆమె ఫోన్లో చదువుతూ వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది.

"మళ్లీ ఉతికేశాడా?" అన్నాడు గిన్నెలు కడుగుతున్న భర్త. బడిలో సైన్సు టీచరాయన.

"నన్ను కాదు, పెద్దాయన్ని."

పెద్దాయనంటే సూపర్ సిమెట్రీ అనే భౌతికశాస్త్ర సిద్ధాంతంలో పేరుమోసిన ఓ నమూనాకి కర్త. ప్రతి కణానికీ బరువైన జోడీ ఒకటి ఉంటుందనీ, అవి మరీ బరువెక్కకుండా ఉంటే సృష్టి లెక్కలు ఎవరూ చెయ్యి పెట్టకుండానే సరిపోతాయనీ ముప్ఫై ఏళ్ల కిందట రాశాడు. అలా సరిపోవడాన్నే వాళ్ల భాషలో సహజత్వం అంటారు. కణాల్ని ఢీకొట్టే యంత్రం ఏళ్ల తరబడి వెతికింది. జోడీల జాడే లేదు. ప్రతిసారీ ఆయన తొణక్కుండా, "ఇంకాస్త పైన చూడండి" అనేవాడు. బరువు పెరిగేకొద్దీ లెక్కని చేత్తో సర్దక తప్పదు. అయినా ఆయన తగ్గలేదు. కుర్రకారు ఆయనకి 'ఇంకాస్త మాస్టారు' అని పేరు పెట్టేశారు.

ఆ సర్దుబాటు ఎంతో ఈమె తన వ్యాసంలో లెక్కగట్టింది. అదృష్టం నూటికి ఒక్కసారి కలిసొస్తే తప్ప నమూనా నిలబడదు. పత్రికవాళ్లు దాన్ని నెలాఖరులోగా అచ్చుకి ఒప్పుకుంటేనే ఆమె ఉద్యోగం పర్మినెంటవుతుంది. కానీ ఆయన పాఠాలు చదువుకునే ఈ దారికొచ్చిన మనిషి. అందుకే "కొంత ఇబ్బందికరం" అని మెత్తగా రాసింది.

వ్యాసాన్ని పరీక్షించే రిఫరీ ఎవరో చెప్పకపోవడం ఆ పత్రికల ఆనవాయితీ. ఈయనెవరో గాని మొహమాటం బొత్తిగా లేదు. మొదటిసారి, "ఎందుకీ నసుగుడు?" అని రాశాడు. రెండోసారి, నమూనాలో ఓ మూల ఎవరి కంటా పడని లొసుగు చూపించి మళ్లీ లెక్క కట్టమన్నాడు. కడితే వెయ్యికి ఒకటి తేలింది. ఇప్పుడేమో, "'కొంత ఇబ్బందికరం' తీసేసి, 'సహజం కాదు' అని రాయండి."

"మా పిల్లల పేపర్ల మీద కూడా నేనింత ఎర్రసిరా వాడను," అన్నాడు భర్త రిపోర్టు చూసి. "పెద్దాయన మీద పాత కక్షేదో ఉంది ఈయనకి."

"ఉంది. నన్ను అడ్డం పెట్టుకుని తీర్చుకుంటున్నాడు."

తిట్టుకుంటూనే ఆ మాట మార్చి పంపింది.

వారం తిరక్కుండా ఓ సదస్సులో పెద్దాయనే ఎదురయ్యాడు. కాఫీ మిషన్ దగ్గర చక్కెర పొట్లం చింపలేక తిప్పలు పడుతున్నాడు. ఆమె చింపి ఇచ్చింది. ఇచ్చాక ఊరుకోలేకపోయింది.

"సార్, మీ నమూనా మీద ఓ వ్యాసం రాశాను. ఏం బాగాలేదు. ముందే మీకు చెప్పాలనిపించింది."

"బాగాలేనిది వ్యాసమా, నమూనానా?"

"నమూనానే సార్."

"అయితే ఫర్వాలేదు. వ్యాసం బాగా లేకపోతేనే కష్టం."

ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"నేను మెత్తగానే రాశాను సార్. ఆ రిఫరీ ఉండనిస్తేగా! మీరంటే ఎంత మంటో ఏమో."

"ఉంటారమ్మా అలాంటివాళ్లు," అన్నాడాయన కాఫీ కలుపుతూ. "వాళ్లని ఇంట్లోవాళ్లు ఎలా భరిస్తారో మరి!"

అంతలో గంట మోగింది. జనం హాల్లోకి కదిలారు. ఆమె వెళ్లబోతూ ఆగి, "మరి జోడీల సంగతేంటి సార్? ఇంకా పైన వెతకాలా?" అంది.

"వద్దమ్మా," అన్నాడు. "వెతకాల్సినంతా వెతికారు."

ఆయన హాల్లోకి పోలేదు. తనకిచ్చిన గదికెళ్లి తలుపేసుకున్నాడు. ముప్ఫై ఏళ్ల పని. బాధగానే ఉంది. కిటికీలోంచి కార్లు ఆపే చోటు వంక చూస్తూ కాసేపు కూర్చున్నాడు.

తర్వాత కంప్యూటర్ తెరిచి పత్రిక సంపాదకుడికి రెండు ముక్కలు రాశాడు: "నేనడిగిన సవరణలన్నీ రచయిత్రి చేసింది, రిఫరీగా నాకిక అభ్యంతరం లేదు, అచ్చు వేసుకోండి."