అద్దం మీద బొటనవేలు

పోలీసు క్లూస్ టీములో పదిహేనేళ్ల సర్వీసు నాది. ఆఫీసర్లు మెచ్చుకునేది మాత్రం నిన్నగాక మొన్న వచ్చిన కరుణశ్రీని.

అందుకే రేపల్లెలో దొంగలు పడిన ఇంట్లో, ఆమె వదిలేసిన బీరువా అద్దం మీద బొటనవేలి ముద్ర కనబడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

“ఏంటి కరుణశ్రీ గారూ, ఇంత ముద్ర మీకు కనబడలేదా?” అందరూ వినేలా అడిగాను.

ఆమె తల వంచుకుంది. నా కడుపు చల్లబడింది. ముద్రను నేనే టేపుతో ఎత్తి, సంతకం చేసి పంపాను.

సాయంత్రానికి ఆ వేలు ఎవరిదో తేలింది. పోల్చి చూడ్డానికి దాచి ఉంచే మా సిబ్బంది ముద్రల్లో ఉంది. నాదే.

“పేపరువాళ్లు వస్తున్నారని గ్లవ్స్ తీసి, ఆ అద్దం మీద చెయ్యి ఆనించి తల దువ్వుకున్నారు కదండీ” అంది కరుణశ్రీ మెల్లగా. “మీకు మాట రాకూడదనే వదిలేశాను, అన్నయ్యా.”

అది కూడా తనే ముందు చూసింది!